కామెట్ నిలిచింది, వైల్డ్‌క్యాట్ మారింది

పెన్సిల్వేనియాలోని హెర్షీపార్క్‌లో వైల్డ్‌క్యాట్ అనే చెక్క రోలర్ కోస్టర్ 2022 వేసవిలో ఆగిపోయింది. 1996లో మొదలైంది కాబట్టి అప్పటికి దాని వయసు 26 ఏళ్ళు. అదే పార్కులో 1946లో మొదలైన కామెట్ మాత్రం ఆ వేసవిలోనూ జనాన్ని ఎక్కించుకుంది, ఆ తర్వాతా ఎక్కించుకుంటూనే ఉంది. వయసులో 50 ఏళ్ళు చిన్నది ముందు వెళ్ళిపోయి పెద్దది ఎందుకు మిగిలింది?

కామెట్‌ని కట్టింది ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీ. ఈ రంగంలో అందరూ దాన్ని పీటీసీ అంటారు. వైల్డ్‌క్యాట్‌ని కట్టింది గ్రేట్ కోస్టర్స్ ఇంటర్నేషనల్, అంటే జీసీఐ. మొదటిది 1904లో పుట్టింది, రెండోది 1994లో. రెండూ పెన్సిల్వేనియావే. ఒకప్పుడు అమెరికాలో చెక్క కోస్టర్ అంటే ముందుగా గుర్తొచ్చే పేర్లలో ఒకటైన పీటీసీ ఈనాడు కొత్త కోస్టర్ గీయదు, కట్టదు. హాట్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఉండి ఇతరులు కట్టిన కోస్టర్లకి రైళ్ళూ విడిభాగాలూ చేసిస్తుంది. ఆ రైళ్ళ జాగాలోకీ వేరే కంపెనీల రైళ్ళు వచ్చి చేరుతున్నాయి. ఈ తగ్గుదలకి పాతబడిన పనితనమే కారణమని కొందరు కొట్టిపారేస్తారు. కాలం ఒక గొప్ప కంపెనీకి అన్యాయం చేసిందని మరికొందరు బాధపడతారు. ఈ రెండు కోస్టర్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రెండు మాటలూ నిలబడవని నా అభిప్రాయం. పీటీసీ గీత గెలిచింది, పీటీసీ బండి ఓడింది. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే కంపెనీకీ న్యాయం జరగదు, చెక్క కోస్టర్ అనే కళకీ జరగదు.

ముందు కంపెనీ సంగతి క్లుప్తంగా. హెన్రీ ఆకీ, చెస్టర్ ఆల్‌బ్రైట్ అనే ఇద్దరు ఫిలడెల్ఫియాలోని జర్మన్‌టౌన్‌లో దీన్ని మొదలుపెట్టారు. తొలిరోజుల్లో కోస్టర్లతో పాటు రంగులరాట్నాలు చేసేవారు. చెక్కతో చెక్కిన గుర్రాలూ జిరాఫీలూ ఉన్న ఆ రాట్నాలకి వరస నంబర్లుండేవి. 1905లో చేసిన 6వ నంబరు రాట్నం కొలరాడోలోని బర్లింగ్టన్‌లో నేటికీ తిరుగుతోంది, దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. 1919లో చేసిన 47వది హెర్షీపార్క్‌లోనే ఉంది. 1923లో హెర్షీకి తొలి రోలర్ కోస్టర్ కట్టిందీ పీటీసీయే. దాని పేరు వైల్డ్ క్యాట్. అది 1945 దాకా నడిచింది. చాక్లెట్ల మిల్టన్ హెర్షీ ఆ ఏడాది అక్టోబరులో కన్నుమూశారు, మరుసటి ఏడాది కామెట్ వచ్చింది. 1996లో జీసీఐ తన మొట్టమొదటి కోస్టర్‌కి వైల్డ్‌క్యాట్ అని పేరు పెట్టుకున్నది ఆ 1923 నాటి పీటీసీ కోస్టర్‌ని తలుచుకునే. కొత్త కంపెనీ పాత కంపెనీని ఎంత గౌరవించిందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇప్పుడు గీతలు చూద్దాం. కామెట్‌ని గీసిన హెర్బర్ట్ ష్మెక్ 1920ల నుంచీ పీటీసీకి ప్రధాన రూపకర్త. కామెట్ నడక చెప్పడం తేలిక. చైను పట్టుకుని పైకి లాగుతుంది, వాగు వైపు దూకిస్తుంది, గుట్టల మీదుగా దూరంగా తీసుకెళ్ళి తిప్పుతుంది, వెనక్కి తెస్తుంది, మళ్ళీ తీసుకెళ్ళి మళ్ళీ తెస్తుంది. రెండుసార్లు వెళ్ళి రావడమే మొత్తం ప్రయాణం. వేగం గంటకు 50 మైళ్ళ దరిదాపుల్లో. ఎత్తు 100 అడుగులు కూడా లేదు. కాగితం మీద ఇందులో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ కనపడదు. గొప్పతనం గుట్టల వరసలో ఉంది. ఒక గుట్ట పైన ఒంటి బరువు తేలిపోతుంది, దిగేటప్పుడు సీటుకి అదుముకుంటాం, మళ్ళీ తేలతాం. ఒక్కో గుట్ట ముందుదానికన్నా కాస్త చిన్నది. వేగం తగ్గుతున్న కొద్దీ గుట్ట ఎత్తూ తగ్గుతూ రావడం వల్ల ఆ తేలిక చివరిదాకా నిలుస్తుంది. ఎక్కినవాళ్ళకి ఈ లెక్కలేవీ తెలియవు, కడుపులో కదలికే తెలుస్తుంది.

వైల్డ్‌క్యాట్ తత్వమే వేరు. జీసీఐని స్థాపించిన మైక్ బూడ్లీ, క్లెయిర్ హెయిన్ 1920ల నాటి మెలికల కోస్టర్లని ప్రేమించినవాళ్ళు. వైల్డ్‌క్యాట్‌లో తిన్నగా సాగే చోటు చాలా తక్కువ. దిగుతూనే పక్కకి ఒరిగి వంపు తిరుగుతుంది, ఆ వంపులోంచే ఇంకో వంపు పుడుతుంది, ఒక పట్టా కిందుగా ఇంకో పట్టా దూరుతుంది. కొద్దిపాటి నేలలో ఒక చెక్క అడవిని అల్లినట్టుంటుంది. కింద నిలబడి చూస్తే రైలు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో తెలియదు. ఆ గందరగోళంలోనే దాని అందమంతా ఉంది. 1996లో అది చెక్క కోస్టర్ల ప్రపంచానికి కొత్త ఊపిరి పోసిందంటే అతిశయోక్తి కాదు. దీన్ని కామెట్ కన్నా తక్కువ కళగా నేను చూడను.

కానీ కళ చెక్క మీద నిలబడాలి. సంప్రదాయ చెక్క కోస్టర్‌లో పట్టా అంటే పలకల దొంతర. పలక మీద పలక పేర్చి మేకులతో, బోల్టులతో బిగించి, అన్నిటికన్నా పైన పలచని ఉక్కు పట్టీ వేస్తారు. చక్రం దొర్లేది ఉక్కు మీదైనా దెబ్బ తినేది కింది చెక్క. గుట్టల మీద బరువు నిలువుగా, పైనుంచి కిందికి పడుతుంది, పలకల దొంతర ఆ దెబ్బని బాగా కాస్తుంది. వంపులో బరువు పక్కకి తోస్తుంది. రైలు వచ్చిన ప్రతిసారీ పలకలు ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి జరగడానికి చూస్తాయి, మేకులు వదులవుతాయి, సందుల్లోకి నీళ్ళు చేరతాయి. పెన్సిల్వేనియా చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకడతాయి. వసంతంలో పార్కు తెరిచేసరికి పట్టా కొలత ఒక చోట కాస్త విచ్చుకుని, ఒక చోట కాస్త బిగిసి ఉంటుంది. కామెట్‌లో ఇలా పక్కకి తోసే చోట్లు ప్రధానంగా కొసల్లో ఉండే మలుపులు. వడ్రంగులకి ఏటా ఎక్కడ చూడాలో తెలుసు. వైల్డ్‌క్యాట్‌లో దాదాపు దారంతా తోపే. కాబట్టి దారంతా చూడాలి, దారంతా మార్చాలి. అలా మార్చుతూ పోయినా ఎక్కినవాళ్ళకి ఏడాదికేడాది కుదుపే ఎక్కువ తెలిసేది.

ఇక్కడిదాకా తీర్పు పీటీసీ గీత వైపే. రైలు దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది.

వైల్డ్‌క్యాట్ 1996లో మొదలైనప్పుడు దాని మీద పరిగెత్తినవి పీటీసీ రైళ్ళే! పోటీదారు కట్టిన పట్టా మీద పీటీసీ బండి. దగ్గరగా వెళ్ళి చూస్తే పీటీసీ పెట్టె గట్టి పని. ఒక్కో పెట్టెలో రెండో మూడో వరసల సీట్లు, కింద నాలుగు చక్రాలు, అవి కాక పక్కనుంచి పట్టాని ఒరిసి దారి తప్పకుండా చూసేవి, కిందనుంచి పట్టుకుని పైకి లేవనీయనివి. పైకి ఎక్కేటప్పుడు టకటకమని వినపడే చప్పుడు పెట్టె అడుగున వేలాడే ఇనుప నాలుకది. చైను తెగినా రైలు వెనక్కి జారకుండా అది పళ్ళలో పడుతూ వెళ్తుంది. దశాబ్దాల పాటు పార్కులు ఆ బండిని నమ్మాయి, నమ్మకం వమ్ము కాలేదు. తిన్నని గుట్టల మీద దానికి సాటి లేదు. కానీ ఆ పెట్టె పొడవు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎక్కువ కావడంతో బిగుతైన వంపులో పెట్టె పట్టాతో పాటు వంగలేదు, తన్నుకుంటూ వెళ్తుంది. ఆ తన్నులు చెక్కకీ తగులుతాయి, కూర్చున్నవాళ్ళ పక్కటెముకలకీ తగులుతాయి.

జీసీఐ దీనికి విరుగుడుగా మిలీనియం ఫ్లయర్ అనే రైలు తయారుచేసుకుంది. ఒక్కో పెట్టెలో ఒకే వరస, ఇద్దరే మనుషులు. ముందు పెట్టెకి మాత్రం నాలుగు చక్రాలు. వెనకవన్నీ ఒక్కో ఇరుసు మీద నిలబడి, ముందుదాన్ని పట్టుకుని తిరుగుతాయి. వంపు ఎంత బిగుతైనా రైలు గొలుసులా ఒదిగిపోతుంది. హెర్షీ 2006లో వైల్డ్‌క్యాట్ నుంచి పీటీసీ రైళ్ళు తీసేసి వీటిని పెట్టింది. ఫ్లోరిడాలోని టాంపాలో జీసీఐ 1999లో కట్టిన గ్వాజీ మీదా మొదట పీటీసీ రైళ్ళే ఉండేవి, 2011లో అక్కడా మార్చారు. కొత్త రైలు వచ్చాక ప్రయాణం మెత్తబడింది, కానీ అప్పటికే దెబ్బలు తిన్న చెక్కని అది పూర్తిగా కాపాడలేకపోయింది. గ్వాజీ 2015లో మూతపడింది.

ఇందులో తప్పు ఎవరిదని అడిగితే నా జవాబు సూటిగానే ఉంటుంది. వంపుల కోస్టర్లు మళ్ళీ వస్తున్నాయని 1990ల్లోనే అందరికీ తెలుసు. రైళ్ళే జీవనాధారంగా ఉన్న కంపెనీ వాటికి తగిన రైలు తనే ముందుగా తెచ్చి ఉండాల్సింది. ఆ పని పోటీదారు చేసింది. తర్వాత సిన్సినాటికి చెందిన గ్రావిటీ గ్రూప్ కూడా టింబర్‌లైనర్ అనే సొంత రైలు తెచ్చింది. పీటీసీ చెయ్యని పనికి కాలాన్ని నిందించలేం. అలాగని పీటీసీ బండి పని అయిపోయిందనడం కూడా పొరపాటే. గ్రావిటీ గ్రూప్ 2006లో ఇండియానాలోని హాలిడే వరల్డ్‌లో కట్టిన వోయేజ్ 6,442 అడుగుల పొడవున్న భారీ చెక్క కోస్టర్, దాని మీద పరిగెత్తేవి పీటీసీ రైళ్ళే.

మరి గీయడం ఎందుకు ఆగింది? దీనికి సిన్సినాటి దగ్గరి కింగ్స్ ఐలండ్ పార్కుకి వెళ్ళాలి. అక్కడ 1972లో జాన్ అలెన్ గీసిన రేసర్ మొదలైంది. అలెన్ పీటీసీలో కోస్టర్ నడిపే పనితో మొదలుపెట్టి 1954లో కంపెనీ అధ్యక్షుడైన మనిషి. కోస్టర్ గీసేవాడికి ఇంజినీరింగ్ కన్నా మనుషుల మనసు తెలియడం ముఖ్యమని ఆయన అనేవారని చెప్పుకుంటారు. మహా మాంద్యం తర్వాత వందల కొద్దీ చెక్క కోస్టర్లు కూలిపోయి, ఉక్కు గొట్టాల కోస్టర్లు వచ్చి, ఇక చెక్క చరిత్రే అనుకుంటున్న రోజుల్లో పక్కపక్కన రెండు రైళ్ళు పోటీపడే రేసర్ జనాన్ని మళ్ళీ చెక్క వైపు తిప్పింది. ఆ తర్వాత అలెన్ 1973లో అట్లాంటా దగ్గర గ్రేట్ అమెరికన్ స్క్రీమ్ మెషిన్, 1976లో సెయింట్ లూయిస్ దగ్గర స్క్రీమిన్ ఈగిల్ గీశారు. ఈగిల్ వచ్చినప్పుడు 110 అడుగుల ఎత్తుతో ప్రపంచంలోనే ఎత్తైనదనిపించుకుంది. అదే అలెన్ చివరి కోస్టర్. 1979లో ఆయన పోయారు.

ఆ 1979లోనే కింగ్స్ ఐలండ్‌లో బీస్ట్ వచ్చింది. పొడవు ఏడు వేల అడుగులకి పైనే, అంత పొడవైన చెక్క కోస్టర్ ప్రపంచంలో ఇంతవరకూ ఇంకొకటి లేదు. దాన్ని పార్కు సొంత మనుషులే గీశారు. విశ్రాంతి తీసుకుంటున్న అలెన్ తన లెక్కలూ సూత్రాలూ వాళ్ళకి ఇచ్చారు. రేసర్‌నీ బీస్ట్‌నీ ఒకే పార్కులో చూసినప్పుడు నాకు బాధనిపించేది ఇదే. అలెన్ తర్వాత పీటీసీలో ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు లేరు. రేసర్‌తో చెక్కకి రెండో వైభవం తెచ్చిపెట్టిన కంపెనీ, ఆ వైభవం పండుతున్న 1980ల్లో గీసే మనిషి లేక పక్కన నిలబడింది. డబ్బు వచ్చే దారి స్కీబాల్ ఆటయంత్రాల వైపు మళ్ళింది. 1991లో కొత్త యజమానులు వచ్చి ఫిలడెల్ఫియా టొబాగన్ కోస్టర్స్ అని పేరు మార్చినా, పని మాత్రం రైళ్ళే. నేత మానేసి నూలు అమ్ముకునే ఇల్లు ఎంత మంచి నూలు అమ్మినా ఆ ఇంటి పేరు మీద కొత్త చీర రాదు.

అయితే పాత చీరలు మిగిలాయి. పెన్సిల్వేనియాలోనే ఎలిస్‌బర్గ్ అనే ఊళ్ళో కనోబెల్స్ అనే పార్కుంది. అక్కడి ఫీనిక్స్ కూడా ష్మెక్ గీసిందే. 1940ల చివర టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో రాకెట్ అనే పేరుతో మొదలై, 1980లో ఆగి, వదిలేసిన చెక్కగా పడి ఉన్నదాన్ని విప్పి, ముక్కముక్కకీ గుర్తులు పెట్టి, తెచ్చి 1985లో మళ్ళీ నిలబెట్టారు. ఈ రంగపు పత్రిక ఇచ్చే గోల్డెన్ టికెట్ అవార్డుల్లో 2018లో అది ప్రపంచంలోనే ఉత్తమ చెక్క కోస్టర్‌గా నిలిచింది, 2019లోనూ నిలిచింది. అప్పటికి దాని కన్నా చాలా ఎత్తైనవీ, చాలా పొడవైనవీ బోలెడున్నాయి. ష్మెక్ పోయి, ఊరు మారి, పలకలు మారి, కంపెనీ గీయడం మానేశాక కూడా ఆయన గుట్టల వరస గెలిచింది.

కామెట్ 1946 నాటిదంటే దానిలో ఉన్న చెక్కంతా 1946 నాటిదని కాదు. చెక్క కోస్టర్‌కి ఏటా పలకలు మారుతూనే ఉంటాయి. కాబట్టి కామెట్ నిలవడంలో సగం ఘనత చలికాలంలో మంచు రాలే వేళ మెట్ల మీద నడిచి, సుత్తితో కొట్టి చప్పుడు విని పుచ్చిన పలకని పట్టుకునే వడ్రంగులది, వాళ్ళకి జీతాలిచ్చిన పార్కుది. ఇదే సదుపాయం వైల్డ్‌క్యాట్‌కీ ఉండేది. ఒకే పార్కు, ఒకే వాతావరణం, అదే వడ్రంగం. అందుకే ఈ పోలిక నాకు బలంగా కనపడుతుంది. తేడా గీతలోనే ఉంది.

వైల్డ్‌క్యాట్ స్థలంలో 2023లో వైల్డ్‌క్యాట్స్ రివెంజ్ వచ్చింది. కట్టింది ఐడహోకి చెందిన రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్, అంటే ఆర్ఎంసీ. చెక్క పలకల దొంతర తీసేసి దాని బదులు ఉక్కు పట్టా వేయడం వీళ్ళ విద్య. 2011లో టెక్సాస్‌లో న్యూ టెక్సాస్ జయంట్‌తో దీన్ని మొదలుపెట్టారు. గ్వాజీని కూడా వీళ్ళే 2022లో ఐరన్ గ్వాజీగా మార్చారు. రివెంజ్ ఎత్తు 140 అడుగులు, వేగం గంటకు 62 మైళ్ళు, 82 డిగ్రీల దూకుడు, నాలుగుసార్లు తలకిందులు. సంప్రదాయ చెక్క పట్టా మీద ఆ దూకుడూ, ఆ తలకిందులూ కలలో మాట. ఉక్కు పట్టా పక్కతోపుకి విచ్చుకోదు, కాబట్టి బూడ్లీ, హెయిన్ కలగన్న మెలికలని చివరికి నిజంగా నిలబెట్టగలిగింది ఆర్ఎంసీయే అనాలి. జీసీఐ కూడా ఇప్పుడు చెక్క కట్టడం మీద వేసే ఉక్కు పట్టాని సొంతంగా తయారుచేస్తోంది. పార్కు యజమాని కోణంలో చూస్తే ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కూల్చేసే కట్టడం కొంతైనా బతుకుతుంది, ఏటా మార్చే పలకల ఖర్చు తప్పుతుంది, ప్రకటనలో రాసుకోవడానికి నాలుగు అంకెలు దొరుకుతాయి.

నేను ఒప్పుకోలేనిది అంకెల దగ్గరే. రివెంజ్ ఎక్కి దిగినవాళ్ళు దాని గురించి ఆశ్చర్యంగా మాట్లాడతారు, ఆ ఆశ్చర్యం న్యాయమైనదే. కానీ పదేళ్ళ పాపా, ఆ పాప నాయనమ్మా పక్కపక్కన కూర్చుని ఒకే చోట కేకేసి ఒకే చోట నవ్వే ప్రయాణం అది కాదు. మనిషి ఒంటికి ఎంత తేలిక కావాలో, ఎంత అదుము చాలో, మళ్ళీ వరసలో నిలబడాలనిపించేలా ఎక్కడ ఆపాలో తెలిసిన గీత పీటీసీది. ఉక్కు ఆ కొలతని మర్చిపోవాల్సిన అవసరం లేదు. మర్చిపోతున్నది మనమే. చెక్క మీదే చెయ్యగలమని నిరూపించే పనులు ఈ కాలంలోనూ ఉన్నాయి. కింగ్స్ ఐలండ్‌లో 2017లో జీసీఐ కట్టిన మిస్టిక్ టింబర్స్ ఎత్తుకి పోకుండా గుట్టల లయనే నమ్ముకుంది. అందులో ష్మెక్, అలెన్ ఇద్దరూ కనపడతారు. కనోబెల్స్ పార్కు 1999లో సొంతంగా కట్టుకున్న ట్విస్టర్‌కి ఒరవడి, అలెన్ డెన్వర్‌లో గీసిన మిస్టర్ ట్విస్టర్. పీటీసీ పేరు లేకుండానే పీటీసీ పాఠం ఇతరుల చేతుల్లో సాగుతోంది.

కాబట్టి పీటీసీ తగ్గింది అన్న మాట సగమే నిజం. కంపెనీగా తగ్గింది, అందులో తన బాధ్యతా ఉంది: అలెన్‌కి వారసుడిని తయారుచేసుకోలేదు, వంపుకి ఒదిగే రైలుని ముందుగా తేలేదు. గీతగా మాత్రం తగ్గలేదు. ఆ గీత మిగిలి ఉన్న చోట్లని కాపాడుకోవడం ఇప్పుడు పార్కుల చేతుల్లో ఉంది, ఎక్కేవాళ్ళ చేతుల్లో కూడా ఉంది. ఖాళీ రైళ్ళు తిరిగే కోస్టర్‌కి ఏ పార్కూ పలకలు మార్చదు.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకి హెర్షీ కొన్ని గంటల కారు ప్రయాణమే. వేసవిలో పిల్లలతో, ఊరినుంచి వచ్చిన పెద్దలతో అక్కడికి వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈసారి వెళ్ళినప్పుడు వైల్డ్‌క్యాట్స్ రివెంజ్ తప్పకుండా ఎక్కండి, అది ఎక్కదగ్గదే. కానీ పిల్లల్ని ముందు కామెట్ ఎక్కించండి. వీలైతే వెనక వరసలో కూర్చోండి, గుట్టల మీద ఒళ్ళు తేలడం అక్కడే బాగా తెలుస్తుంది. దిగాక మళ్ళీ వరసలో నిలబడదామని పిల్లలు అడిగితే కాదనకండి.